వీధి దీపాల బకాయిని పంచాయతీ నిధుల్లోంచి పట్టుకోవడం న్యాయమేనా?

తూర్పు బజారు

మా మండలంలో ఏ అరుగు మీద కూర్చున్నా ఇదే మాట నడుస్తోంది కాబట్టి ఇక్కడ కూడా పెడుతున్నాను. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల ఖాతాల్లో ఉన్న, కేంద్రం ఇచ్చిన ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేశారు. పాలకవర్గాల తీర్మానం లేదు, సర్పంచుల సంతకం లేదు. ఊరూరా సర్పంచులు రోడ్డెక్కారు. ఇన్నేళ్లయినా ఆ వాదన తెగలేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు, ఊరు నిర్ణయించుకున్నట్టు వాడాలి. రాజ్యాంగం 11వ షెడ్యూలులో 29 అంశాలు రాసి పంచాయతీల చేతిలో పెట్టింది. ఆ చేతిలోంచి డబ్బు తీసేసుకుంటే ఇక మిగిలేది ఆగస్టు 15న జెండా తాడు లాగడమే. ఒకరి ఖాతాలో డబ్బు వాళ్లను అడగకుండా తీస్తే దానికి మన ఊళ్లో ఏ మాట వాడతామో అందరికీ తెలుసు.

పాత లెడ్జరు

నేను కరెంటు బిల్లుల విభాగంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఏ ఊరో, ఏ ఆఫీసో చెప్పను. పంచాయతీ సర్వీసుల పేజీ తెరిస్తే పై నుంచి కింది దాకా ఎర్ర సిరాయే. మామూలు మనిషి రెండు నెలలు కట్టకపోతే స్తంభం ఎక్కి తీగ విప్పేస్తాం. పంచాయతీది విప్పితే ఊరంతా చీకటి, మర్నాడు పత్రికలో మాకు తిట్లు. అందుకని విప్పం, వాళ్లు కట్టరు. ఇలా ఏళ్లకేళ్లు గడిచాయి. ఆ లోటు చివరికి ఎవరి నెత్తిన పడుతుంది? నెలనెలా బుద్ధిగా కట్టే గుమాస్తా చార్జీల మీద.

షెడ్యూలు మాట తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. ఆ 29 అంశాల్లో 14వది గ్రామీణ విద్యుదీకరణ. 11వది తాగునీరు. ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు కరెంటు తాగునీటి ఖర్చు కాదా? అధికారం మీదీ, బిల్లు మాదీనా? ఒక్క ప్రశ్నకు జవాబివ్వండి: వాడుకున్న కరెంటుకు డబ్బు కట్టాలా, వద్దా?

పిల్ల కాలువ

మా ఊళ్లో దీపాలు రాత్రి ఆరిపోయి పగలు వెలుగుతాయి. కోళ్లు ఎప్పుడు కూయాలో తెలియక తికమక పడుతున్నాయి.

తూర్పు బజారు

లెడ్జరు గారూ, కట్టాలి. కానీ వాడుకున్నదెంత అన్నది తేలాలి కదా? మా బజారులో దీపాలకు మీటరు లేదు. ఆన్ చేయడానికి, ఆఫ్ చేయడానికి పెట్టె లేదు. మూడో తీగ లాగారు, దానికి దీపాలు తగిలించారు, అంతే. మా ఇంటి ముందు దీపం మధ్యాహ్నం పన్నెండింటికి కూడా వెలుగుతూనే ఉంటుంది. ఇదేమిటని లైన్‌మన్‌ను అడిగితే "పంచాయతీని అడగండి" అంటాడు. పంచాయతీలో అడిగితే "లైన్‌మన్‌ను అడగండి" అంటారు. ఒకరోజు వెదురు గడ తీసుకుని నేనే తీగ తప్పించబోతే మా ఆవిడ వచ్చి గడ లాక్కుంది.

ఇప్పుడు అసలు సంగతి. తూర్పు బజారులో స్తంభాలు 14. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి లెక్కపెట్టాను. వాటిలో మూడింటికి దీపమే లేదు, ఒట్టి కొక్కెం వేలాడుతోంది. పంచాయతీ కార్యాలయంలో బిల్లు తాలూకు జాబితా చూస్తే మా బజారు పేరు పక్కన 31 అని ఉంది! 31 ఎక్కడిది? ముందు దానికి లెక్క చెప్పి తర్వాత బకాయి మాట ఎత్తండి.

పాత లెడ్జరు

మీటరు లేని చోట దీపాల సంఖ్య, వాటి వాట్లు, రోజుకు వెలిగే గంటలు లెక్కగట్టి బిల్లు వేస్తారు. ఆ సంఖ్య గాల్లోంచి రాదు. మా వైపు ఇంజనీరు, మీ వైపు పంచాయతీ కార్యదర్శి కలిసి తిరిగి సంతకాలు పెడతారు. 31 అని ఉంటే కింద మీ కార్యదర్శి సంతకం ఉంటుంది. పోయి చూసుకోండి. పగటి పూట దీపం వెలగడం మీ పంచాయతీ నిర్వాకం. స్విచ్చి పెట్టె ఖర్చు పెట్టుకోవలసింది మీరు.

తూర్పు బజారు

కలిసి తిరిగారా? ఎప్పుడు తిరిగారు? హోటల్లో కూర్చుని సంతకాలు పెట్టడాన్ని తిరగడం అంటారా? 14కు 31 ఎలా అయిందో చెప్పండి.

పాత లెడ్జరు

మీ 14 ఒక్క బజారుది అయి ఉంటుంది. 31 ఆ మూడో తీగ మీద ఉన్న మొత్తం అయి ఉంటుంది. తీగ మీ బజారు చివర ఆగిపోదు.

తూర్పు బజారు

జాబితాలో "తూర్పు బజారు" అని ఉంది. "తూర్పు బజారు తదితరాలు" అని లేదు.

మంజీర ఒడ్డు

ఇద్దరూ 31 దగ్గరే దిగబడ్డారు. మా తెలంగాణ సంగతి వినండి. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ఊరికో ట్రాక్టరు, వైకుంఠధామం, నర్సరీ వచ్చాయి. కరెంటు బిల్లు నెలనెలా కట్టి తీరాలన్నారు. కొన్నాళ్లు బాగానే నడిచింది. 2024 జనవరి చివరికి సర్పంచుల పదవీకాలం ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో అంతా ప్రత్యేకాధికారులే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం డబ్బు ఆగుతుంది. డబ్బు ఆగినా దీపం వెలగడం ఆగదు కదా? ఆ రెండేళ్ల బిల్లులు ఇప్పుడు కొత్తగా గెలిచిన వాళ్ల నెత్తిన పడ్డాయి.

చెరువుకట్ట

నేను 2021లో గెలిచిన సర్పంచిని. ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. మంజీర ఒడ్డు గారు రాసింది చూశాక ఉండబట్టలేదు.

మా దగ్గర 2018 ఆగస్టులో పాత పాలకవర్గాలు దిగిపోయాయి. 2021 ఏప్రిల్‌లో మేము కుర్చీ ఎక్కాం. మధ్యలో రెండున్నరేళ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలన. కుర్చీలో కూర్చున్న మొదటి వారంలో కార్యదర్శి నా ముందు పెట్టింది అభివృద్ధి ప్రణాళిక కాదు, బకాయి నోటీసు. అందులో సగానికి పైగా ఆ ప్రత్యేకాధికారి కాలానిది. ఆ కాలంలో ఊరి ఖాతా మీద సంతకం ఎవరిది? ప్రభుత్వం నియమించిన అధికారిది. కట్టని బిల్లుకు బాధ్యులు వాళ్లు. తీర్చవలసింది మేమా? లెడ్జరు గారు వాడుకున్న వాళ్లు కట్టాలా వద్దా అంటున్నారు. కట్టాల్సిన రోజున కట్టకుండా కూర్చున్నది ఎవరని నేను అడుగుతున్నాను.

ఇంకొకటి. ఒక మే నెలలో మా రక్షిత నీటి మోటారు ఫ్యూజు తీసుకుపోయారు. బకాయి దీపాల సర్వీసుది, ఫ్యూజు పీకింది మోటారు సర్వీసుది. నాలుగు రోజులు ట్యాంకరు తిప్పాం. మూడో రోజు పొద్దున్నే మా ఇంటి గుమ్మం ముందు ఇరవై ఖాళీ బిందెలు వరసగా పెట్టి వెళ్లారు. తిట్టలేదు, అరవలేదు. బిందెలు పెట్టి వెళ్లిపోయారు. ఆ నెల నా గౌరవ వేతనం డీజిల్‌కే సరిపోలేదు.

జెండా తాడు అన్నారు కదా, ఆ సంగతీ వినండి. 2023 దాకా చిన్న పంచాయతీకి ఆగస్టు 15 ఖర్చులకు ఇచ్చింది 100 రూపాయలు. పెద్ద పంచాయతీకి 250. తర్వాతే 10 వేలు, 25 వేలు చేశారు. వంద రూపాయలకు పిల్లలకు తలా ఒక చాక్లెట్ కూడా రాదు.

పాత లెడ్జరు

అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. మోటారు ఫ్యూజు తీయడం తప్పే, నేనైతే తీయనివ్వను. కానీ ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఈ ఐదేళ్లలో మీ పంచాయతీలో ఇంటి పన్ను ఎంత శాతం వసూలైంది?

చెరువుకట్ట

చర్చ దాని గురించి కాదు.

పాత లెడ్జరు

దాని గురించే. సొంత రాబడి ఉంటే నెల బిల్లు నెలలో కట్టేవారు, ఆర్థిక సంఘం డబ్బు జోలికి ఎవరూ వచ్చేవారు కాదు.

పొలిమేర దాటినవాడు

నేను డల్లాస్‌లో ఉంటాను. ఇక్కడ నీటి బిల్లు ఒక్కరోజు ఆలస్యమైతే అదనపు రుసుము పడుతుంది. 2019లో మా నాన్నగారి పేరు మీద ఊరికి 20 సౌర దీపాలు ఇచ్చాను. కరెంటు బిల్లు బాధే ఉండకూడదనుకున్నాను. మొన్న సంక్రాంతికి వెళ్లి చూస్తే మూడే వెలుగుతున్నాయి. మిగిలిన వాటిలో బ్యాటరీలు లేవు. శిలాఫలకం మాత్రం పాలరాతిది, చెక్కుచెదరలేదు. దాని మీద మా నాన్నగారి పేరు కంటే అప్పటి నాయకుడి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఇక పంచాయతీల మీద నాకు నమ్మకం లేదు.

పిల్ల కాలువ

ఆ బ్యాటరీలు ఎవరి పొలంలో ఉన్నాయో ఊరందరికీ తెలిసే ఉంటుంది, మీకు తప్ప.

పాత లెడ్జరు

ఇంకా ముసుగులో మాట్లాడటం ఎందుకు? సర్పంచులకు ఆర్థిక సంఘం డబ్బంటే సిమెంటు రోడ్డు. సిమెంటు రోడ్డంటే బావమరిది కాంట్రాక్టు. కరెంటు బిల్లు కడితే అందులో ఎవరికీ ఏమీ మిగలదు. అందుకే ఇంత గోల.

తూర్పు బజారు

నోరు అదుపులో పెట్టుకోండి. 31 ఏళ్లు జీతం తీసుకుని ఒక్క దీపానికి మీటరు పెట్టించలేని మనిషి అవినీతి గురించి మాట్లాడటం! మీ 31 ఏళ్ల అనుభవం కూడా మా బజారు 31 దీపాల లాంటిదే అనిపిస్తోంది. సర్పంచి గారూ, మీరూ వినండి. పన్ను ఎందుకు వసూలు చేయరో నేను చెబుతాను. ఓట్లు పోతాయని. ఎవరిల్లు ఎంతదో మీకు తెలియదా? రిజిస్టరు తెరిచి కొత్తగా కొలతలు తీయించే ధైర్యం మీలో ఒక్కరికీ లేదు.

వేదిక నిర్వాహకుడు

వ్యక్తిగత నిందలు ఆపండి. ఇంకొక్కటి కనిపిస్తే చర్చకు తాళం వేస్తాను.

చెరువుకట్ట

తాళం వేసే ముందు ఒక్క మాట రాయనివ్వండి.

పద్నాలుగు స్తంభాలు. మూడింటికి కొక్కేలు. మధ్యాహ్నం వెలిగే దీపం. వెదురు గడ. ఆ గడ సంగతి పిన్ని ఆ రోజే వచ్చి నాకు చెప్పింది, బాబాయి గారూ. మీరెవరో ఇప్పుడు తెలిసింది.

కొలతలు తీయించే ధైర్యం లేదన్నారు కదా? రెండేళ్ల కిందట కార్యదర్శికి టేపు ఇచ్చి తూర్పు బజారుకే మొదట పంపాను. మూడో ఇంటి దగ్గర ఆయన్ను గేటు బయటే నిలబెట్టి "మా అన్న కూతురు సర్పంచి అయింది మా ఇల్లు కొలవడానికా" అన్నది ఎవరు? రిజిస్టరులో ఆ ఇల్లు ఇప్పటికీ పెంకుటిల్లే. 2016లో పైన రెండు అంతస్తులు లేచాయి. నేను మళ్లీ పంపలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. ఇంట్లో పెళ్లిళ్లు ఉన్నాయి, మాటా మాటా పెరుగుతుందని భయపడ్డాను.

మంజీర ఒడ్డు

అమ్మో.

కాలనీ చివరిల్లు

మీది మా ఊరు కాదు. అయినా 14 పోగా మిగిలిన 17 ఎక్కడున్నాయో నేను చెప్పగలను. బజారు దాటాక మా కాలనీ లాంటి ఒక కాలనీ ఉంటుంది. అక్కడికి తీగ వెళ్లి ఉంటుంది, స్తంభాలు ఉంటాయి. జాబితాలో దీపాలు ఉంటాయి. స్తంభం మీద ఉండవు. మా వీధిలో తొమ్మిది రాసి ఉన్నాయి, రెండు వెలుగుతున్నాయి. బజారులో బల్బు పోతే వారంలో మారుస్తారు, మాకు పోతే "నిధులు లేవు" అంటారు. తూర్పు బజారు గారు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచానన్నారు. ఆ చివర దాటి ఇంకో వంద అడుగులు వేసి ఉంటే ఆయన లెక్క అప్పుడే తేలిపోయేది.

మీరంతా నిధులు పోయాయి, నిధులు పోయాయి అంటున్నారు. 2021లో పోయిన వాటిలో మా మురుగు కాలువ డబ్బు ఉంది. గ్రామసభలో నేనే చెయ్యెత్తి అడిగి రాయించాను. ఇంజనీరు వచ్చి సున్నంతో గీత గీసి వెళ్లాడు. ఆ గీత మీద మా అబ్బాయి క్రికెట్ ఆడేవాడు. రెండు వానలకు గీత పోయింది. తర్వాత ఏడాది వచ్చిన డబ్బుతో ఊళ్లో సిమెంటు రోడ్డు వేశారు. కరెంటు వాళ్లు తీసుకున్నది ఒకసారి. ఊరివాళ్లు తీసుకున్నది ప్రతిసారీ.

ఇంటి పన్ను అన్నారు. నాది రేకుల ఇల్లు, 340 రూపాయలు, ఒక్క ఏడూ బాకీ లేదు. రసీదులన్నీ బియ్యం డబ్బాలో దాచాను. రేపు పింఛనుకో ఇంటి పట్టాకో వెళితే అడుగుతారని.

పాత లెడ్జరు

అమ్మా, నాకు మాట రావడం లేదు. వెలగని దీపానికి బిల్లు వేయడం మాత్రం మా వైపు తప్పే. కార్యదర్శి సంతకం ఉన్నా తప్పే. మీరు ఒక అర్జీ రాసి, ఏ స్తంభానికి దీపం ఉందో ఏ స్తంభానికి లేదో నంబర్లతో సహా ఇవ్వండి. కలిసి తనిఖీ చేయాలని అందులో కోరండి. పాత బిల్లు తగ్గుతుందని నేను హామీ ఇవ్వలేను, ముందు ముందు బిల్లు మాత్రం తగ్గుతుంది. బావమరిది మాట వెనక్కి తీసుకుంటున్నాను. బకాయి ఎవరు కట్టాలన్న విషయంలో మాత్రం నా మాట మారలేదు.

కాలనీ చివరిల్లు

అర్జీ రెండుసార్లు ఇచ్చాను. మూడోసారీ ఇస్తాను. నంబర్లు పెయింటు పోయి కనిపించడం లేదు, ఎలా రాయాలి?

పాత లెడ్జరు

ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి నుంచి మొదలుపెట్టి ఒకటి, రెండు అని మీరే రాయండి. ఎవరి ఇంటి ముందు ఉందో కూడా పక్కన రాయండి.

చెరువుకట్ట

మా కాలనీకి నేను రేపు సాయంత్రం చీకటి పడ్డాక వెళ్తాను. కార్యదర్శిని కూడా రమ్మన్నాను. ఆ 17 ఉన్నాయో లేవో చూసి ఇక్కడే రాస్తాను. 2018 నుంచి 2021 దాకా ఉన్న బకాయి మాత్రం ప్రభుత్వమే భరించాలి. అందులో నేను తగ్గను.

తూర్పు బజారు

ఇంటి విషయాలు నలుగురిలో రాయడం పద్ధతి కాదమ్మాయీ. రాశావు కాబట్టి చెబుతున్నాను. అది 2016 కాదు, 2017. ముందు వసారా ఇప్పటికీ పెంకులదే, వచ్చి చూసుకోవచ్చు. వెనక భాగం మాత్రమే శ్లాబు.