పాలు సంఘానికి పొయ్యాలా, ప్రైవేటు వ్యానుకా?

కొండపి పాడిరైతు:
మా ఊళ్ళో మళ్ళీ పాల సంఘం పెడదామన్న మాట నడుస్తోంది. సగంమంది ఒప్పుకోవడం లేదు. నా మటుకు సంఘమే కావాలి. రెండు బర్రెలున్న మనిషి ఒంటరిగా పోయి ఏ డెయిరీతోనూ రేటు మాట్లాడలేడు. 1946లో గుజరాత్‌లో ఖేడా జిల్లా రైతులు పోల్సన్ అనే ప్రైవేటు డెయిరీ దళారులకు పాలు ఆపేసి బిగబట్టారు కాబట్టే ఆనంద్ సంఘం, అదే ఇప్పటి అమూల్, పుట్టింది. అది మొదలైంది రెండే ఊళ్ళతో. మనకెందుకు కుదరదు? వద్దనేవాళ్ళు కారణం చెప్పండి.

టంగుటూరు:
నేను వద్దనేవాణ్ణి. ప్రైవేటు వ్యాను వీధి చివరికి వస్తుంది. పదిరోజులకోసారి డబ్బు ఖాతాలో పడుతుంది. బర్రె కొనడానికి అడ్వాన్సు కూడా ఇస్తున్నారు. సంఘాల సంగతేంటి? 1995లో పరస్పర సహాయ సహకార చట్టం తెచ్చి సర్కారు పెత్తనం తీసేస్తామన్నారు. సర్కారు తప్పుకున్న చాలాచోట్ల ఊరి పెద్దలు కూర్చున్నారు. 2020 డిసెంబరులో అమూల్‌తో కలిసి ప్రభుత్వం పాలవెల్లువ అనే పాలసేకరణ పథకం మొదలెట్టినప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన ప్రకాశం ఉంది. ప్రభుత్వంతో వచ్చింది ప్రభుత్వంతోనే పోతుందేమోనని భయపడుతూ బర్రెను ఎవరు కొంటారన్నా?

పొదిలి పడమర:
ఇద్దరూ రేటు దగ్గరే ఆగారు. నేను పాలకేంద్రంలో వెన్న పరీక్ష చేసినవాణ్ణి, అక్కణ్ణుంచి చెప్తా.

పాల రేటు అందులోని వెన్నశాతాన్ని బట్టే కడతారు. కిలో వెన్నకి 800 రూపాయలు అనుకోండి. 7 శాతం వస్తే లీటరుకి సుమారు 56 రూపాయలు. అదే పాలకి 6.5 అని రాస్తే 52. రోజుకి 8 లీటర్లు పోసే ఇంటికి నెలకి 960 పోయినట్టే. కాబట్టి మిషను ఎవరి చేతిలో ఉంది, చీటీ చేతికిస్తున్నారా, అనుమానమొస్తే ఎదురుగా మళ్ళీ పరీక్ష పెడతారా అన్నది రేటుకంటే ముందు అడగాలి. సంఘంలో అయితే ఆ పరీక్ష చేసేవాణ్ణి మనం మార్చగలం. వ్యాను దగ్గర ఎవర్ని అడగాలి?

ఇక రెండోది. మన బర్రెలు ఎక్కువగా వానలు పడ్డాక, చలి ముదిరేలోపు ఈనుతాయి. చలికాలంలో పాలు పొంగుతాయి, ఎండాకాలానికి చాలా వట్టిపోతాయి. మే నెలలో ఇంటికొచ్చి మరీ ఎక్కువిస్తానన్న మనిషే డిసెంబరులో ‘సాయంత్రం పాలొద్దు’ అంటాడు. 2020 లాక్‌డౌన్‌లో హోటళ్ళు, టీకొట్లు మూతపడ్డప్పుడు మా వైపు వ్యానే రాలేదు. పాలు పొంగే రోజుల్లో సభ్యుడి పాలు చుక్క వదలకుండా తీసుకునేదే సంఘం. దానికి మిగులు పాలను పొడిగా, వెన్నగా మార్చే ఫ్యాక్టరీ ఉండాలి. అది ఊరి సంఘానికి అయ్యే పని కాదు, ఊరి సంఘాలన్నీ కలిసిన జిల్లా యూనియన్ ఉండేది అందుకే. మా పడమర మండలాల్లో పైరు పోయిన ఏడు ఇల్లు నడిపేది పాల బిల్లే. వరిగడ్డి కూడా లారీల్లో కొనుక్కునేవాళ్ళం, ఒక్కపూట పాలు పారబోసినా తట్టుకోలేం.

వింజమూరు అక్క:
అన్నలందరూ రైతు, రైతు అంటున్నారు. పాలు పితికేదెవరు? చొప్ప వేసి, పేడ తీసి, తెల్లారుజామున క్యాను మోసుకుపోయేదెవరు? సభ్యత్వం పుస్తకంలో పేరు మాత్రం మగాయనది. పాలు పోసే మనిషికి ఓటు లేకపోతే ఆ సంఘంలో పెద్దలు కూర్చోక ఇంకెవరు కూర్చుంటారు?

మా పక్కనే దూబగుంట. 1990ల మొదట్లో సారా కొట్లు మూయించింది చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళే. మా నెల్లూరు పల్లెల్లో పొదుపు సంఘాలు ఊపందుకున్నది ఆ ఉద్యమం తర్వాతే. నెలనెలా తీర్మానం రాసి, బ్యాంకు అప్పు తీర్చేవాళ్ళకి పాల లెక్క పెద్ద పనా? ములుకనూరులో స్వకృషి డెయిరీని 2000 నుంచి మహిళలే నడుపుతున్నారు. చిత్తూరు వైపు 2014లో మొదలైన శ్రీజ కూడా మహిళలదే. సంఘం పెట్టండి, కానీ సభ్యత్వం పాలు పోసే మనిషి పేరున ఇవ్వండి, బిల్లు ఆమె ఖాతాలో వెయ్యండి. లేకపోతే వద్దు.

టంగుటూరు:
అక్క మాటకి ఎదురు చెప్పను. కానీ ఒక్కటి తేల్చండి. మేలో ప్రైవేటు వాళ్ళు లీటరుకి ఐదు ఎక్కువిస్తే సభ్యులు అటు పోరా? నేనైతే పోతా. పిల్లల ఫీజులు కట్టేది ఆ నెలల్లోనే.

పొదిలి పడమర:
అసలు చిక్కు అదే. ఎండాకాలం పాలు బయటికిపోతే పాలు చల్లబరిచే కూలరు ఖాళీ, కరెంటు బిల్లు మాత్రం ఆగదు. చలికాలంలో అందరూ తిరిగొస్తే సంఘం మిగులు పాలు మోస్తూ నష్టపోతుంది. ఎండాకాలంలో పోసిన లీటర్లకి సంవత్సరాంతం బోనస్ రెట్టింపు అని బైలాలో, అంటే సంఘం నియమాల్లో, రాస్తే కొంత ఆగుతారు. ఓటు కూడా ఆ మూడు నెలలూ పోసినవాళ్ళకే ఉండాలి.

కొండపి పాడిరైతు:
నెలకోసారి లెక్క పాలకేంద్రం గోడకి అంటిస్తాం, ఇవన్నీ బైలాలో పెడతాం. అన్నా, అప్పుడైనా చేరతావా?

టంగుటూరు:
మా ఆవిడ పేరున ఒక బర్రె పాలు పోయిస్తా. రెండోదాని పాలు వ్యానుకే. రెండు డిసెంబర్లు చూశాకే మిగతా మాట.

వింజమూరు అక్క:
ఆమెని అడిగావా అన్నా?