అడ్వాన్స్ కట్టిన బ్యాట్‌మ్యాన్ ఇంకా రాలేదు. "డైమండ్ దివాలా" అంటున్నాడు, నమ్మొచ్చా?

గాజువాక_గబ్బిలం

అందరికీ నమస్కారం. పరవాడ ఫార్మా సిటీలో షిఫ్ట్ డ్యూటీ నాది. కంపెనీ బస్సులో పోతూ వస్తూ ఫోన్‌లో కామిక్స్ వార్తలు చదువుతుంటాను. చదవడమే గానీ ఇంతవరకూ అమెరికా సంచిక ఒక్కటీ చేత్తో పట్టుకున్నది లేదు. డీసీ కంపెనీ బ్యాట్‌మ్యాన్ కథని కొత్తగా మొదలుపెట్టిన అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ సిరీస్ గురించి విన్నాక మాత్రం ఆగలేకపోయాను. బ్రూస్ వేన్‌కి ఆస్తి లేదు, బంగళా లేదు, నాన్న బడిపంతులు, తనేమో సివిల్ ఇంజనీరు. ఇలాంటివాడు మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు ఉంటారు!

ఒక ఆన్‌లైన్ అమ్మకందారుకి దసరా ముందు యూపీఐలో మొత్తం డబ్బు కట్టాను. ముందు "దారిలో ఉంది" అన్నాడు. తర్వాత "కస్టమ్స్‌లో ఆగింది" అన్నాడు. సంక్రాంతి కూడా వెళ్లిపోయాక ఇప్పుడు కొత్త కబురు: "అమెరికాలో డైమండ్ అనే పెద్ద డిస్ట్రిబ్యూటర్ దివాలా తీసింది, మా చేతుల్లో ఏం లేదు" అంటున్నాడు. నెట్‌లో వెతికితే దివాలా సంగతి నిజమే. మరి నా పుస్తకం అందుకే రాలేదా?

ఇంకో మాట. ఈ 2026 మార్చిలో సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ కలిసి వస్తున్నారట కదా. అది కూడా ఇలా విడి సంచికగా కొనాలా, లేక అన్నీ కలిపి పుస్తకంగా వచ్చేదాకా ఆగాలా? వైజాగ్‌లో ఎవరైనా తెప్పించుకుంటున్నారా?


డాబాగార్డెన్స్_ఆడిటర్

తమ్ముడూ, ముందు నీ డబ్బు సంగతి చూద్దాం.

డైమండ్ 2025 జనవరిలో చాప్టర్ 11 కింద, అంటే వ్యాపారం నడుపుతూనే అప్పులు సర్దుకునే అమెరికా చట్టం కింద, దివాలా పిటిషన్ వేసింది, నిజమే. కానీ నువ్వు కొన్నది డీసీ పుస్తకం. డీసీ వాళ్లు 2020 జూన్‌లోనే డైమండ్‌తో తెగతెంపులు చేసుకున్నారు. అప్పటి నుంచి అమెరికా దుకాణాలకి డీసీ సంచికలు లూనార్ అనే కంపెనీ ద్వారా వెళ్తున్నాయి. అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ మొదలైందే 2024 అక్టోబరులో. ఆ దారిలోనే లేని కంచరపాలెం దగ్గర ట్రాఫిక్ ఆగింది కాబట్టి భీమిలి బస్సు ఆలస్యమైందని చెప్పినట్టుంది అతని జవాబు.

డైమండ్ పేరు చెబితే అందరూ నమ్మేయడానికి కారణం ఉందిలే. తొంభైల చివరి నుంచి అమెరికాలో కామిక్స్ దుకాణాలకి సరుకు చేర్చే పనిలో దానికి పోటీయే లేదు. 2020లో కోవిడ్ వచ్చి కొన్ని వారాలు కొత్త సరుకు ఆపేసింది. ఆ దెబ్బతో డీసీ బయటికి వెళ్లింది. 2021 అక్టోబరులో స్పైడర్‌మ్యాన్ వేసే మార్వెల్ కూడా పెంగ్విన్ రాండమ్ హౌస్ అనే పుస్తకాల కంపెనీకి మారింది. 2023లో ఇమేజ్ కామిక్స్ అనే మరో ప్రచురణ సంస్థ లూనార్ దగ్గరికి పోయింది. పెద్ద ఖాతాలన్నీ ఒక్కొక్కటే జారిపోయాక మిగిలిన వ్యాపారంతో అప్పులు ఎలా తీరతాయి? నీ అమ్మకందారు మార్వెల్ సంచిక గురించి ఈ మాట చెప్పి ఉంటే సగం నమ్మేవాణ్ణి. ఎందుకంటే మార్వెల్ వెళ్లిపోయాక కూడా డైమండ్ ఆ సంచికల్ని పెంగ్విన్ దగ్గర టోకున కొని దుకాణాలకి అమ్మేది. డీసీకి ఆ సాకు చెల్లదు.

ఈ దివాలాలో నన్ను కూర్చోబెట్టి చదివించిన విషయం వేరే ఉంది. చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు చాలావరకు డైమండ్ గోదాముల్లో కన్‌సైన్‌మెంట్ మీద ఉన్నాయి. అంటే సరుకు ప్రచురణకర్తదే, అమ్ముడుపోయాకే లెక్క. దివాలా తీశాక ఆ సరుకు కూడా అమ్ముకోవడానికి డైమండ్ కోర్టుని అనుమతి అడిగింది. "మా పుస్తకాలు అమ్మి మీ అప్పు తీర్చుకుంటారా" అని ప్రచురణకర్తలు అడ్డం తిరిగారు. అమెరికా చట్టంలో కన్‌సైన్‌మెంట్ సరుకు మీద నీ హక్కుని ముందే నమోదు చేయించుకోకపోతే, దివాలా వేళ అప్పిచ్చిన బ్యాంకు ముందు నిలబడుతుంది, నువ్వు వెనక నిలబడాలి. కాగితం మీద సంతకం పెట్టి వదిలేసినవాళ్లకి ఇదెంత నష్టమో మా క్లయింట్లని చూసే నాకు బాగా తెలుసు. బ్యాట్‌మ్యాన్‌కీ స్పైడర్‌మ్యాన్‌కీ ఏమీ కాలేదు. ఇబ్బంది పడ్డది బోర్డు గేముల వాళ్లు, చిన్న ప్రెస్సుల వాళ్లు.

ఇక ఏది కొనాలి అన్నది. నా పద్ధతి ఒకటే: నెలనెలా నడిచే కథలకి సంకలనం వచ్చేదాకా ఆగు, రెండు కంపెనీలు కలిసి వేసేదైతే వచ్చిన నెలలోనే కొను.

ఎందుకంటావా. డాలరు 90 రూపాయలనుకో. 4.99 డాలర్ల సంచిక అంటే 450 రూపాయలు, కొరియర్ కాక. కథ ఇరవై రెండు పేజీలు అటూ ఇటూ. సింహాచలం కొండ ఎక్కే బస్సులో కూర్చుంటే పైకి వెళ్లేలోపు అయిపోతుంది. అదే అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ మొదటి సంకలనం, ది జూ, తీసుకుంటే ఆరు సంచికలు ఒక్కచోట వస్తాయి, మామూలు పుస్తకాల వెబ్‌సైట్లలోనే దొరుకుతుంది. స్కాట్ స్నైడర్ రచన, నిక్ డ్రగోటా బొమ్మలు. ఆ బొమ్మల్లో బ్యాట్‌మ్యాన్ భుజాలు తలుపులో పట్టవు, చూడు. ఇంకా చవకగా కావాలంటే 2024లో డీసీ కాంపాక్ట్ అని చిన్న సైజు పుస్తకాలు మొదలుపెట్టింది. అక్కడ ధర 9.99 డాలర్లే. పాత మంచి కథలన్నీ అందులోకి ఒక్కొక్కటే వస్తున్నాయి. బస్సులో చదవడానికి నీకు సరిగ్గా సరిపోతాయి.

రెండు కంపెనీల పుస్తకం సంగతి వేరు. 1976లో సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ మొదటిసారి ఒకే పుస్తకంలో కలిశారు. ఆ యాభై ఏళ్ల సందర్భానికే మార్చిలో డీసీ వాళ్లది, ఏప్రిల్‌లో మార్వెల్ వాళ్లది వస్తున్నాయి. ఇలాంటివి మళ్లీ అచ్చు వేయాలంటే ఇద్దరు యజమానులు ఒప్పుకోవాలి. రెండు కంపెనీల వీరుల జట్లు కలిసిన జేఎల్ఏ/అవెంజర్స్ చూడు, 2003లో మొదలైంది. ఏళ్ల తరబడి కొత్త ముద్రణ లేదు. 2022లో చిత్రకారుడు జార్జ్ పెరెజ్ గౌరవార్థం వేస్తే 7,000 ప్రతులే వేశారు. పాత కలయికల్ని ఓమ్నిబస్‌లుగా, అంటే లావుపాటి సంకలనాలుగా, తేవడానికి 2024 దాకా పట్టింది. అందుకే అంటున్నాను, ఇదొక్కటి మాత్రం వాయిదా వేయకు.


స్టీల్‌ప్లాంట్_శీను

ఫోన్‌లో పీడీఎఫ్ దొరుకుతుంటే ఇన్ని వందలు ఎందుకు గురూ.


డాబాగార్డెన్స్_ఆడిటర్

దొరుకుతుంది. జగదాంబ దగ్గర పైరసీ సీడీలు కూడా దొరికేవి. దాని గురించి ఇక్కడ వద్దు.


ఉప్పుగాలి

లాసన్స్ బే కాలనీ నుంచి రాస్తున్నాను. ఆడిటర్ గారూ, మీ లెక్క లెక్కగా బాగానే ఉంది గానీ నేను ఒప్పుకోను. సంచిక చివరి పేజీలో కథ తెగిపోయి, మళ్లీ నెల దాకా "ఏమవుతుందో" అని పీక్కోవడంలోనే సగం మజా ఉంది. వారపత్రికలో సీరియల్ చదివిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది కొత్తగా చెప్పాలా? మార్వెల్ కొత్త అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ 2024 జనవరిలో మొదలైనప్పటి నుంచి విడి సంచికలే కొన్నాను. పీటర్ పార్కర్‌కి పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక సాలీడు శక్తులొస్తాయి. ఇంట్లో పిల్లలకి హోంవర్కు చేయిస్తూ చదివితే ఆ కథ వేరేలా ఉంటుంది. అల్టిమేట్ పేరుతో వచ్చే సిరీస్‌లన్నిటినీ ఈ 2026 ఏప్రిల్‌తో ముగించేస్తున్నారు. బాగా అమ్ముడుపోతున్న కథని ముందే అనుకున్న చోట ఆపడం అమెరికా కంపెనీలకి అలవాటు లేని పని. నాకు నచ్చింది.

తమ్ముడూ, విడి సంచికలు కొనేట్టయితే మాత్రం మన ఊళ్లో ఒక శత్రువు ఉంది. సముద్రపు గాలి. విడి సంచికని మధ్యలో రెండు పిన్నులు పట్టి ఉంచుతాయి. హైదరాబాద్‌లో పదేళ్లయినా మెరుస్తూ ఉండే పిన్ను ఇక్కడ ఒక వానాకాలం దాటేసరికి ఎర్రగా తుప్పు పడుతుంది. ఆ మరక మధ్య పేజీలోకి దిగుతుంది. దిగిందంటే ఇక పోదు. నేను చేసేది ఇది: సంచికని పాలీప్రొపిలీన్ కవర్లో, వెనక యాసిడ్ లేని అట్ట పెట్టి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో నిలువుగా పెడతాను. డబ్బాలో సిలికా జెల్. రంగు మారే రకం కొనండి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమ పట్టేసిందని అర్థం, వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. సముద్రం వైపు గోడకి ఆనించి బీరువా పెట్టకండి. కొనగానే తొడిగిచ్చే పల్చని కవరు మీద నమ్మకం పెట్టుకోకండి, అందులో తేమ లోపలే ఉండిపోతుంది.

ఇంట్లో చోటు లేకపోతే ఫోన్‌లోనే చదవండి, కానీ దొడ్డిదారిన కాదు శీను గారూ. కామిక్స్ కొని చదువుకునే కామిక్సాలజీ యాప్‌ని అమెజాన్ 2023 చివర్లో కిండిల్‌లో కలిపేసింది. పాత యాప్ అంత సుఖంగా లేదు గానీ కొత్త సంచిక వచ్చిన రోజే కొనుక్కోవచ్చు. మార్వెల్ అన్‌లిమిటెడ్‌లో నెలకింత అని చందా. కొత్తవి సుమారు 3 నెలల తర్వాత అందులో చేరతాయి. సంకలనం దాకా ఆగేవాళ్లకి అదే నయం కదా, ఏమంటారు ఆడిటర్ గారూ?


కశింకోట_బొమ్మలమాస్టారు

మీ చర్చ చదువుతూ ఉన్నాను. నాకు కొనే శక్తి లేదు, మా బడి లైబ్రరీకి ఎవరైనా పాతవి ఇస్తే తీసుకుంటాను.

మా ఊరి గురించి ఒక్క మాట. చందమామ అట్టల మీద బొమ్మలేసిన వడ్డాది పాపయ్య గారు కశింకోటలో ఉన్న మనిషి. గదలు పట్టుకున్న వీరులు, రెక్కల గుర్రాలు, రాక్షసులు, అన్నీ ఈ ప్రాంతంలో కూర్చుని గీసినవే. అంత బొమ్మల తిండి తిన్న భాషలో ఇవాళ నెలకొక సూపర్ హీరో సంచిక వచ్చే పరిస్థితి లేదు. తమిళం వాళ్లకి శివకాశి నుంచి ముత్తు కామిక్స్ 1972 నుంచీ, లయన్ కామిక్స్ 1984 నుంచీ వస్తున్నాయి. విదేశీ కథలకి హక్కులు కొని, పాఠకుల దగ్గర ముందే చందా కట్టించుకుని వేస్తారు. ఎంతమంది కొంటారో తెలిశాకే అచ్చు. అలా ఇక్కడ ఒకరు దిగితే మా పిల్లలు ఎగబడి చదువుతారు. ఏడో తరగతి గుంటలు బ్యాట్‌మ్యాన్ బొమ్మ నోటుపుస్తకాల వెనక గీస్తూనే ఉన్నారు, కథే తెలియదు వాళ్లకి.


గాజువాక_గబ్బిలం

అన్నయ్యా, మీరు రాసిన 2020 సంగతి అమ్మకందారుకి పంపించాను. చూశాడు, జవాబు లేదు. ఇప్పుడేం చెయ్యాలి? ఇంకో డౌట్, మార్చి పుస్తకానికి ఇప్పుడే ఆర్డర్ ఎందుకు ఇవ్వాలి? వచ్చాక కొంటే పోలేదా?

ఉప్పుగాలి అక్కా, మాకు సముద్రం కంటే ఫ్యాక్టరీల దుమ్ము ఎక్కువ. అయినా డబ్బా కొంటాను.


డాబాగార్డెన్స్_ఆడిటర్

జవాబు రాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్. యూపీఐ రసీదు, అతను "దారిలో ఉంది" అన్న మెసేజ్, ఇప్పుడు డైమండ్ అన్న మెసేజ్, మూడూ తేదీలతో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. ఫోన్‌లో మాట్లాడకు ఇక, రాతలోనే అడుగు. ఫిర్యాదు నంబరు రాగానే అతనికి పంపించు. ఇలాంటివాళ్లు ఆ నంబరు చూశాకే కదులుతారు.

ముందే ఆర్డర్ ఎందుకంటే, ఈ వ్యాపారం నడిచే తీరు అది. సుమారు మూడు నెలల ముందు కంపెనీలు రాబోయే సంచికల జాబితా విడుదల చేస్తాయి. దుకాణాలు ఆర్డర్ ఇస్తాయి. సంచిక రావడానికి కొన్ని వారాల ముందు ఒక చివరి గడువు ఉంటుంది, ఆ తర్వాత అంకె మార్చడానికి లేదు. ఎంత అచ్చు వేయాలో ఆ అంకెని బట్టే చూసుకుంటారు. మామూలుగా దుకాణం మిగిలిన సంచికలు తిరిగి ఇవ్వడానికి వీల్లేదు, అందుకే లెక్కపెట్టుకుని తక్కువే తెప్పిస్తారు. మన దగ్గరకి వచ్చేసరికి ఆ తక్కువలో ఎంత మిగులుతుంది? ఆ ఆర్డర్ల జాబితాలో నీ పేరు లేకపోతే తర్వాత రెండింతలు పెట్టి కొనాలి.

వేరియంట్ కవర్ల జోలికి, అంటే అదే సంచికకి వేరే అట్ట వేసి అమ్మేవాటి జోలికి, పోకు. ఒకటికి ఇరవై అయిదు అని రాసి ఉంటే, దుకాణం మామూలు సంచికలు 25 తెప్పిస్తేనే ఆ కవరు ఒకటి వస్తుందని లెక్క. ఆ మిగతా సంచికల బరువు కొంత నీ జేబు మీదే పడుతుంది. లోపల కథ ఒక్కటే.

మేం కొందరం హైదరాబాద్‌లో తెలిసిన దుకాణం నుంచి కలిపి ఒకే పార్శిల్ తెప్పించుకుంటాం, కొరియర్ పంచుకుంటాం. పార్శిల్ మా ఆఫీసుకే వస్తుంది, వచ్చి తీసుకోవాలి. డబ్బు సంచిక చేతికొచ్చాకే. అక్కడ జరిగే కామిక్స్ అభిమానుల మేళా, కామిక్ కాన్‌కి వెళ్లాలనిపిస్తే కూడా చెప్పు, సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. కాకపోతే అక్కడ బొమ్మలూ టీషర్టులూ ఎక్కువ, సంచికలు వెతుక్కోవాలి.

ఉప్పుగాలి గారూ, చందా సంగతి ఒప్పుకుంటాను. సీరియల్ సంగతి ఒప్పుకోను. మాస్టారూ, నా దగ్గర రెండోసారి కొన్న సంకలనాలు కొన్ని ఉన్నాయి, ఏడో తరగతి వాళ్లకి పనికొచ్చేవి ఏరి పంపిస్తాను. జోకర్ ఉన్నవి తీసేస్తాను.


గాజువాక_గబ్బిలం

1915కి చేశాను, ఫిర్యాదు నంబరు వచ్చింది. అమ్మకందారుకి పంపిన పావుగంటలో "రిఫండ్ ప్రాసెస్ అవుతోంది" అని మెసేజ్ పెట్టాడు. పడ్డాక చెప్తాను.

మార్చి, ఏప్రిల్ రెండింటికీ నా పేరు రాయండి అన్నయ్యా. మామూలు కవరే. బుధవారం నాకు నైట్ షిఫ్ట్, గురువారం పొద్దున్న దిగి డాబాగార్డెన్స్ మీదుగా వస్తాను. ది జూ కూడా ఆర్డర్ పెట్టేశాను, ఈసారి క్యాష్ ఆన్ డెలివరీ.