థాంక్స్‌గివింగ్ మీట్‌బాల్స్: గ్రేప్ జెల్లీనా, క్రాన్‌బెర్రీనా? సంచిలోవి వేస్తే ఇంటి వంట అవుతుందా?

కొత్తకాపురం:
అందరికీ నమస్కారం. నవంబరు నాలుగో గురువారం, అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ నాడు, మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లు, ఆఫీసు స్నేహితులు కలిసి ఇరవై మందికి పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చే విందు. నా వంతుకి మీట్‌బాల్స్ పడ్డాయి. ఆఫీసులో ఒకావిడ తేలిక పద్ధతి చెప్పింది. ఫ్రోజెన్ మీట్‌బాల్స్ సంచి ఒకటి, గ్రేప్ జెల్లీ సీసా ఒకటి, చిల్లీ సాస్ సీసా ఒకటి క్రాక్‌పాట్‌లో (మెల్లగా ఉడికించే కరెంటు గిన్నె) పోసి మూడు గంటలు వదిలేస్తే చాలట. మా ఆయన "ద్రాక్ష జామ్‌లో మాంసమా?" అని మొహం అదోలా పెట్టారు. నాకేమో కైమా తెచ్చి ఉండలు చుట్టి, క్రాన్‌బెర్రీలనే పుల్లటి ఎర్ర పళ్లతో సాస్ చెయ్యాలని ఉంది. ఆ శ్రమకి తగ్గ రుచి వస్తుందా? చేసినవాళ్లు చెప్పండి.

ఒహాయో చిన్నక్క:
ముందు ఒక హెచ్చరిక తల్లీ. ఇక్కడ చిల్లీ సాస్ అని అమ్మేది కెచప్‌కి అన్నలాంటిది, టమాటా, వెనిగర్, పంచదార. కారం ఉండదు. నేను వచ్చిన కొత్తలో తెలియక ఇండియన్ షాపులో దొరికే ఎర్ర సాస్ సీసాడు పోసి ఆఫీసు మొత్తాన్ని ఏడిపించాను. సరైన సాస్ వేస్తే జెల్లీ తీపీ, టమాటా పులుపూ కలిసి చక్కగా పట్టుకుంటాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే చేస్తున్నా. గిన్నె ఎప్పుడూ ఖాళీగానే ఇంటికొస్తుంది. పొద్దున్నుంచి ఉద్యోగం చేసి రాత్రి ఎనభై ఉండలు చుట్టడం నీకవసరమా?

కారప్పొడి:
సంచి కత్తిరించి గిన్నెలో పోస్తే దాన్ని వంట అంటారా అక్కా? అది వేడి చెయ్యడం.

కొత్తకాపురం గారూ, క్రాన్‌బెర్రీ సాస్‌కి మీరు అంత భయపడాల్సిన పని లేదు. 340 గ్రాముల సంచి, కప్పు నీళ్లు, కప్పు పంచదార. పది నిమిషాల్లో పళ్లు టప్‌టప్‌మని పగులుతాయి. వాటిలోనే పెక్టిన్ ఉంటుంది కాబట్టి చల్లారితే దానంతటదే గట్టిపడుతుంది. నేను పంచదార సగానికి తగ్గించి కాస్త బెల్లం, తరిగిన అల్లం, రెండు ఎండుమిర్చి వేస్తా. మీట్‌బాల్స్‌కి అది అతుక్కున్నట్టు జెల్లీ అతుక్కోదు.

అయినా ఈ పులుపు మనకి కొత్తా? గోంగూర దొరకని ఊళ్లలో నవంబరు రాగానే క్రాన్‌బెర్రీ పప్పు, క్రాన్‌బెర్రీ పచ్చడి చేసుకోని తెలుగిల్లు ఉందా? గోంగూర మాంసం తింటాం, చింతచిగురు మాంసం తింటాం, మామిడికాయ మాంసం తింటాం. మాంసానికి పులుపు జోడీ. పానకం కాదు.

థర్మామీటర్:
సాస్ ఏదైనా సరే, టర్కీ, చికెన్ కైమా అయితే ఉండ మధ్యలో 165 ఫారెన్‌హీట్ రావాలి, అంటే 74 సెల్సియస్. మిగతా మాంసాల కైమాకి 160 చాలు. పచ్చి ఉండల్ని ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా క్రాక్‌పాట్‌లో వెయ్యకండి, అది మెల్లగా వేడెక్కే సామాను.

పప్పుచారు:
మా శాకాహారులకి ఈ పాట్‌లక్‌లో ఏమన్నా ఉందా?

ఒహాయో చిన్నక్క:
తమ్ముడు కారప్పొడీ, గ్రేప్ జెల్లీని పానకం అంటున్నావు. అది కాంకర్డ్ ద్రాక్ష. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో 1849లో ఇఫ్రాయిమ్ బుల్ అనే ఆయన పెంచిన రకం. క్రాన్‌బెర్రీ ఎంత ఈ నేలదో ఇదీ అంతే. తోలు దగ్గర దానికుండే పులుపు నీకు తెలీదంటే ఎప్పుడూ ఆ పండు తిని ఉండవు.

ఇంకో మాట. నువ్వు సంప్రదాయం అంటున్న క్రాన్‌బెర్రీ సాస్ 1912 నుంచీ డబ్బాల్లో అమ్ముతున్నారు. ఈ దేశంలో సగం ఇళ్లలో థాంక్స్‌గివింగ్ నాడు డబ్బా ఆకారంలోనే పళ్లెంలోకి జారి, గీతలతో సహా అలాగే కూర్చుంటుంది. దాన్ని ఎవరూ వంట కాదనరు. క్రాక్‌పాట్ 1971లో వచ్చింది, పొద్దున పడేసి ఉద్యోగానికి పోయేవాళ్లకని చెప్పే అమ్మారు. నాలాంటి వాళ్లకే.

కారప్పొడి:
నేను ద్రాక్ష ఎక్కడ పుట్టిందని అడగలేదక్కా. నా ప్రశ్న ఒకటే. గిన్నె ముందు పెట్టే కార్డు మీద ఏం రాస్తారు? హోమ్‌మేడ్ అని రాస్తారా, రాయరా?

ఒహాయో చిన్నక్క:
మీట్‌బాల్స్ అని రాస్తా.

కారప్పొడి:
హోమ్‌మేడ్ అని రాస్తారా అని అడిగాను.

ఫ్రిస్కో బావ:
కోర్టులో వాయిదాకి వచ్చినట్టుంది 😀 ఆవకాయ నూనె చుక్క వేసి చూడండి, ఏ సాస్ అయినా లేచి కూర్చుంటుంది.

పాతపేపరు:
క్రాన్‌బెర్రీ వాళ్లు అంత గర్వపడక్కర్లేదు. 1959 నవంబరులో, పండగకి రెండు వారాల ముందు, కొన్ని పళ్లలో కలుపుమందు అవశేషాలు దొరికాయని ప్రభుత్వమే చెప్తే ఆ ఏడు జనం క్రాన్‌బెర్రీ ముట్టడానికే జంకారు. పండు చేత్తో ఉడికించినంత మాత్రాన అందులో ఏముందో తెలిసిపోదు.

గోథెన్‌బర్గ్ బాబాయ్:
స్వీడన్ నుంచి రెండు ముక్కలు. ఇక్కడ క్రిస్మస్ బల్ల మీద మీట్‌బాల్స్ లేకపోతే పండగ కానట్టే. షొట్‌బుల్లార్ అంటారు. వీటి మూలం పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో చార్లెస్ రాజు టర్కీ నుంచి తెచ్చిన వంటకం అని 2018లో స్వీడన్ దేశపు ట్విటర్ ఖాతాయే రాస్తే ఇక్కడివాళ్లు కొన్నాళ్లు అల్లాడిపోయారు. తోడుగా లింగన్ అనే ఎర్ర పండు, క్రాన్‌బెర్రీకి దాయాది. దాన్ని చాలామంది ఉడకబెట్టరు కూడా, పంచదార వేసి పచ్చిగానే కలియబెడతారు. ఆ పండులో సహజంగా ఉండే బెంజాయిక్ ఆమ్లం వల్ల త్వరగా పాడవదు.

మీ గొడవలో ఎవరూ అనని మాట ఒకటుంది. ఇక్కడ పండ్ల సాస్‌ని మాంసం మీద పొయ్యరు, మనం పెరుగన్నం పక్కన ఊరగాయ వేసుకున్నట్టు పళ్లెంలో ఓ పక్కన పెడతారు. ఎవరికి కావలసినంత వాళ్లు అద్దుకుంటారు. ఇక మాంసం అంటారా, ఇళ్లల్లో ఎక్కువగా బీఫ్, పోర్క్ కలిపిన కైమానే వాడతారు, దుకాణంలో కలిపే దొరుకుతుంది.

కారప్పొడి:
చూశారా! ఇప్పటిదాకా ఈ మాట ఒక్కరూ ఎత్తలేదు. కొత్తకాపురం గారికి ఆఫీసావిడ చెప్పిన సంచిలో ఏముందో ఎవరైనా అడిగారా? ఇక్కడ దొరికే ఫ్రోజెన్ మీట్‌బాల్స్‌లో చాలావాటిలో బీఫ్, పోర్క్ రెండూ ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా పెడుతున్నవాళ్లు ఒక్కసారైనా చెప్పి పెట్టారా?

మూడేళ్ల కిందట మా అమ్మ వచ్చింది. మొదటిసారి అమెరికా. ఒకరింట్లో పాట్‌లక్. గిన్నె ముందు కార్డు మీద హోమ్‌మేడ్ మీట్‌బాల్స్ అని రాసుంది. మన కైమా ఉండలే అనుకుని మూడు వేసుకుంది. బాగున్నాయి, కాస్త తీపి ఎక్కువైంది అని కూడా అంది. ఇంటికి బయల్దేరేటప్పుడు తెలిసింది అందులో ఏముందో. ఆ రాత్రి తలస్నానం చేసి రెండు రోజులు పాలు, అరటిపళ్లతో ఉండిపోయింది. ఉన్న మిగతా నాలుగు నెలలూ ఎవరింటికి రమ్మన్నా కాళ్లు నొప్పులంది. నాతో కూడా ఆ మాట ఎత్తదు.

నీవార్క్ నాని:
అమ్మగారు అడిగి తినాల్సింది కదా బ్రో.

కారప్పొడి:
అరవై ఎనిమిదేళ్లావిడ, ఇంగ్లీషు రాదు, కొత్త ఇల్లు. ఎవరిని అడగాలి? నువ్వు అడుగుతావా ప్రతి గిన్నె దగ్గరా ఆగి?

ఒహాయో చిన్నక్క:
అమ్మగారికి అలా జరిగినందుకు నాకూ బాధగానే ఉంది తమ్ముడూ. కానీ ఒక సంగతి చెప్పు. ఆ కార్డు మీద హోమ్‌మేడ్ అనే రాసుంది. వాళ్లు ఇంట్లోనే చేశారు. మరి హోమ్‌మేడా కాదా అని ఇంతసేపు నన్నెందుకు నిలదీశావు? నీ బాధ సంచి మీదా, మాంసం మీదా?

కారప్పొడి:
వండినవాళ్లకి అందులో ఏముందో తెలియాలి, చెప్పాలి. నేననేది అదే. చేత్తో చేస్తే తెలుస్తుంది. సంచి అయితే తెలుసుకోవాలని కూడా అనిపించదు.

ఒహాయో చిన్నక్క:
అయితే విను. నేనూ ఒకసారి ఇంట్లో చేశాను. గిన్నె ఎప్పుడూ ఖాళీగా వస్తుందన్నాను కదా, ఆ ఒక్కసారి రాలేదు.

పదకొండేళ్లయింది. మా ఊరి తెలుగువాళ్లందరం కలిసి చేసుకునే డిసెంబరు విందు. పన్నెండు గంటల షిఫ్టు చేసొచ్చి చికెన్ కైమా చేత్తో పిసికి, పుట్నాలపొడి వేసి, నీలాగే క్రాన్‌బెర్రీలు ఉడికించి చేశా. కార్డు మీద చికెన్ అని తెలుగులో, ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాశా. అరవై ఉండల్లో యాభై ఆరు తిరిగొచ్చాయి. తిన్న నాలుగూ మా పిల్లలవే. మాది క్రిస్టియన్ కుటుంబం, అందరికీ తెలుసు. నా వెనకాలే వరసలో నిలబడ్డ ఒకావిడ పక్కావిడతో "వాళ్లు ఏం కలుపుతారో మనకేం తెలుసు, రాస్తే మాత్రం" అంది. కార్డు చదివారు. చదివి, వండిందెవరో చూశారు.

ఆ మర్నాటి నుంచి మళ్లీ సంచే. చికెన్ రకమే కొంటా, ఖాళీ సంచి మడిచి గిన్నె పక్కన పెడతా, పదార్థాల పట్టీ పైకి ఉండేట్టు. ఫ్యాక్టరీ వాడి రాత నమ్ముతారు, నా రాత నమ్మరు. గిన్నె ఖాళీ అవుతుంది. ఇప్పుడు చెప్పు, చేత్తో చేస్తే తెలుస్తుందని.

ఫ్రిస్కో బావ:
అక్కా...

కారప్పొడి:
నేను మిమ్మల్ని ఉద్దేశించి అనలేదక్కా. మీరు చికెన్ సంచి పెడతారని ముందే చెప్పుంటే నేనీ గొడవ పెట్టేవాణ్ణే కాదు.

ఒహాయో చిన్నక్క:
ముందు చెప్పాల్సిన అవసరం నాకే ఎందుకు రావాలి? ఇరవై రెండేళ్లుగా పెడుతున్నవాళ్లు చెప్పి పెట్టారా అని పైన ఎవరిని అన్నావు? ఇక్కడ ఇరవై రెండేళ్లు అన్నది నేనొక్కదాన్నే.

కారప్పొడి:
సరే, ఆ వాక్యం నాది తప్పు. కానీ మా అమ్మ విషయంలో నేను చెప్పింది తప్పు కాదు. ఏ మాంసమో రాయాలి. ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను.

ఒహాయో చిన్నక్క:
రాయొద్దని నేనెప్పుడన్నాను?

పప్పుచారు:
నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. పోనీ, ఉడికిన రాజ్మా, బంగాళాదుంప, పుట్నాలపొడి కలిపి ఉండలు చేసి అదే క్రాన్‌బెర్రీ సాస్‌లో వేరే గిన్నెలో వేస్తే మేమూ తింటాం. గరిటె మాత్రం వేరేది పెట్టండి.

కొత్తకాపురం:
నేను రుచి గురించి అడిగితే ఇంత దూరం వచ్చింది. చదువుతూ కూర్చున్నా, ఏమనాలో తెలియలేదు. మా ఆయనా నేనూ టర్కీ కైమాతో ఇంట్లోనే చేద్దామనుకున్నాం. చిన్నక్క గారూ, ఎనభై ఉండలకి ఎంత కైమా, ఎంత పుట్నాలపొడి?

ఒహాయో చిన్నక్క:
మూడు పౌన్లు. గుడ్లు మూడు, పుట్నాలపొడి ముప్పావు కప్పు. ఉల్లిపాయ సన్నగా తరిగి నీళ్లు పిండెయ్యి, లేకపోతే ఉండలు విచ్చుకుంటాయి. టర్కీలో కొవ్వు తక్కువ, రెండు చెంచాల నూనె కలుపు. ఎక్కువ పిసికితే రబ్బరులా అవుతాయి, కలిసిందనగానే ఆపెయ్యి. ఒవెన్‌లో 400 ఫారెన్‌హీట్‌లో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. ఆ తర్వాతే సాస్‌లో వెయ్యి.

కారప్పొడి:
సాస్‌కి క్రాన్‌బెర్రీ రెండు సంచులు పడతాయి. సగం ఉండల మీద పోసి, సగం విడిగా గిన్నెలో పెట్టండి, బాబాయ్ చెప్పినట్టు. కార్డు మీద టర్కీ అని రాయండి.

ఒహాయో చిన్నక్క:
కైమా ప్యాకెట్టు లేబుల్ కూడా పక్కన పెట్టు తల్లీ. అవసరం ఉన్నా లేకపోయినా.

కొత్తకాపురం:
అయ్యో అక్కా, ట్రయల్ కోసం నిన్న రాత్రే కొన్ని చేసేశాం. ఆ లేబుల్ చెత్తబుట్టలోకి పోయింది. పండగకి మళ్లీ కొంటాంగా, అప్పుడు దాచిపెడతా. అన్నట్టు మా ఆయన పదకొండు తిన్నారు.

థర్మామీటర్:
మధ్యలో ఎంత వచ్చిందో చూశారా?