ఢిల్లీలో "మీ రైలు క్యాన్సిల్ అయింది" అంటే నమ్మాలా?

ప్రశ్న: వచ్చే నెల అమ్మానాన్న తొలిసారి ఢిల్లీ వెళ్తున్నారు. రెండు రోజులుండి, న్యూఢిల్లీ స్టేషన్‌లో ఆగ్రా రైలెక్కుతారు. హిందీ అంతంతమాత్రం. అక్కడ మోసాలెక్కువ అంటున్నారు, టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పి పంపాలి?

జవాబు: అక్కడ జరిగేదే మా బాబాయి వాళ్లకీ జరిగిందమ్మా. పహాడ్‌గంజ్ వైపు గేటు దగ్గర మెడలో కార్డు వేసుకున్న మనిషి ఎదురొచ్చి టికెట్ చూపించమన్నాడు. చూసి, "ఈ రైలు క్యాన్సిల్, టూరిస్ట్ ఆఫీసుకెళ్తే వేరే టికెట్ ఇస్తారు" అని తనే ఆటో ఎక్కించాడు. దించింది కన్నాట్ ప్లేస్‌లో ఒక ప్రైవేటు ట్రావెల్స్ దగ్గర. బోర్డు మాత్రం సర్కారు ఆఫీసులా ఉంది. వాళ్లే ఎవరికో ఫోన్ కలిపి "రైల్వే వాళ్లు" అని మాట్లాడించారు. చివరికి ఆగ్రాకి కారు మాట్లాడి 14 వేలు కట్టారు. రైలు టైముకే వెళ్లిపోయింది.

పెద్దవాళ్లు పడిపోయేది ఆ ఫోన్ దగ్గరే. కాబట్టి ఎవరు ఫోన్ ఇచ్చినా తీసుకోవద్దని గట్టిగా చెప్పండి. అనుమానం వస్తే సొంత ఫోన్‌లో రైల్వే ఎంక్వైరీ నంబరు 139కి చేయాలి, పీఎన్‌ఆర్ నంబరు కాగితం మీద రాసివ్వండి. ఎవరేమన్నా ఆగకుండా లోపలికెళ్లి డిస్‌ప్లే బోర్డు చూసుకోవాలి. కేంద్ర పర్యాటక శాఖ ఆఫీసు జన్‌పథ్‌లో 88వ నంబరు. మనల్ని అక్కడికి తీసుకెళ్లడానికి స్టేషన్ గేటు దగ్గర ఎవరూ కాచుకుని ఉండరు.

మరో జవాబు: ఆటోవాళ్లలోనూ కొందరు "మీ హోటల్ మూసేశారు" అంటారండీ. కమీషన్ ఇచ్చే హోటల్‌కి తీసుకెళ్లడానికే అది. బుక్ చేసిన హోటల్‌కి ముందురోజే మీరే ఫోన్ చేసి ఉంచండి. ప్రీపెయిడ్ ఆటో తీసుకుంటే ఆ చీటీ దిగాకే డ్రైవర్‌కి ఇవ్వాలి. సామాను తక్కువైతే అజ్మేరీ గేట్ వైపు మెట్రో ఉంది, నన్నడిగితే అదే హాయి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. ఇవన్నీ తెలుగులో పెద్దక్షరాలతో రాసి నాన్న జేబులో పెడతాను. ఆగ్రాలో దిగేది శుక్రవారం. అక్కడ ఎవరైనా తాజ్‌మహల్ మూసేశారంటే అదీ ఇలాంటిదేనా?

జవాబు: కాదమ్మా, అది నిజమే. శుక్రవారం తాజ్‌మహల్ సందర్శకులకు ఉండదు. ఇప్పుడే టికెట్ తేదీ మార్చుకోండి.