సమాజశాస్త్రం, తత్వశాస్త్రం: రెండింటిలో ఎం.ఏ. ఒకేసారి చేయవచ్చా?

ప్రశ్న (హనుమకొండ విద్యార్థిని):
ఈ ఏడాది ఎం.ఏ. సమాజశాస్త్రంలో రెగ్యులర్‌గా చేరుతూ, దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నో ద్వారా ఎం.ఏ. తత్వశాస్త్రం కూడా చదవాలని ఉంది. డిగ్రీలో కులం గురించి చదివినప్పుడల్లా అది ఎలా కొనసాగుతున్నదో వివరంగా తెలిసేది గానీ, అది ఎందుకు అన్యాయమో వాదించి చెప్పమంటే నా దగ్గర మాటలు ఉండేవి కావు. ఇంట్లో వాళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దంటున్నారు. నిబంధనలు ఒప్పుకుంటాయా? ఇది చదవగలిగే పనేనా?

సమాధానం 1 (పాత విద్యార్థి):
ఒకటి రెగ్యులర్‌గా, మరొకటి దూరవిద్యలో చదవడానికి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022లో అనుమతించింది. అయితే మీ విశ్వవిద్యాలయం దాన్ని అమలు చేస్తున్నదో లేదో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరు నెలల్లో ఉంటాయి కనుక మీ సెమిస్టరు పరీక్షలతో తేదీలు ఢీకొనవచ్చు. అసలు ఇబ్బంది అక్కడే.

సమాధానం 2 (అధ్యాపకుడు):
నేను ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చదివాను. సమాజశాస్త్రంలో క్షేత్ర పరిశీలన కోసం ఒక ఊరి టీ కొట్టు దగ్గర వారం రోజులు కూర్చొని, ఎవరికి గాజు గ్లాసులో, ఎవరికి ప్లాస్టిక్ కప్పులో టీ పోస్తున్నారో నోటుబుక్కులో రాసుకుని, నివేదిక చివర “ఇది మానవ గౌరవానికి విరుద్ధం” అని ముగించాను. మా మాస్టారు ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, “ఈ మాట కప్పు పట్టుకున్న మనిషి అన్నాడా, మీరు అంటున్నారా?” అని రాశారు. తర్వాత అదే వాక్యాన్ని తత్వశాస్త్ర తరగతిలో రాస్తే, గౌరవమంటే మీ ఉద్దేశంలో ఏమిటి, అది మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది అని నిలదీశారు. మొదటి ప్రశ్న నాకు చూడటం నేర్పింది, రెండోది వాదించడం నేర్పింది. ఒకరి ప్రశ్నకు మరొకరి జవాబు రాస్తే మాత్రం రెండు చోట్లా మార్కులు పోతాయి, నాకు పోయాయి.

మీ వెలితికి దగ్గరి ఉదాహరణ అంబేడ్కర్. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన ప్రధానంగా అర్థశాస్త్రం చదువుతూనే సమాజశాస్త్రం, తత్వశాస్త్రం కూడా చదివారు. తత్వవేత్త జాన్ డ్యూయీ పాఠాలు విన్నారు. 1916లో అక్కడ సమర్పించిన పత్రంలో కులం ఎలా పుట్టి, ఏ యంత్రాంగంతో నిలుస్తున్నదో విశ్లేషించారు. 1936 నాటి కుల నిర్మూలన ప్రసంగ పాఠంలో స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాల ప్రమాణంతో దాన్ని తూచారు. మీరు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

సమాధానం 3 (సివిల్స్ అభ్యర్థి):
ఉద్యోగం కోసమైతే రెండో డిగ్రీ వల్ల పెద్ద లాభం లేదు. సివిల్స్ మెయిన్స్‌లో ఒకే ఆప్షనల్ తీసుకోవాలి, అధ్యాపక అర్హత పరీక్ష నెట్ కూడా సబ్జెక్టు వారీగానే రాయాలి. పట్టా అవసరం లేకపోతే తత్వశాస్త్రాన్ని ఎలక్టివ్‌గా తీసుకోవడం తేలిక.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
అందరికీ ధన్యవాదాలు. మా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం ఎలక్టివ్‌గా లేదండీ. ఇగ్నోలో జనవరి విడత ప్రవేశాలు కూడా ఉంటాయి కాబట్టి, మొదటి సెమిస్టరు భారం ఎంతో చూసుకుని అప్పుడు చేరతాను. ఈలోగా ఆ రెండు రచనలూ చదువుతాను.