కెఫీన్ పొడి పావు చెంచా వేసుకోవచ్చా?

ప్రశ్న: గాజువాక నైట్ షిఫ్ట్

ఆటోనగర్‌లో రాత్రి షిఫ్టు చేస్తున్నాను. పగలు గ్రూప్-2కి చదవాలి. టీ ఎంత తాగినా కళ్లు మూతలు పడుతున్నాయి. జిమ్‌లో పరిచయమైన ఒకాయన ఆన్‌లైన్‌లో తెప్పించిన కెఫీన్ పొడి, వంద గ్రాముల పొట్లం ఇచ్చాడు. చిటికెడు నీళ్లలో కలుపుకుంటే చాలన్నాడు. చిటికెడంటే ఎంత? పావు చెంచా వేసుకోవచ్చా? పోనీ, ఒక సీసాలో చిక్కగా కలిపి పెట్టుకొని రోజూ కొంచెం తాగితే?

జవాబు: మహారాణిపేట మందుల షాపు

పావు చెంచా వద్దు బాబూ, చిటికెడూ వద్దు. టీ చెంచా నిండా ఉండే కెఫీన్ దాదాపు 28 కప్పుల కాఫీతో సమానమని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతుంది. అందులో పావు వంతు అంటే ఏడు కప్పులు, ఒక్క గుక్కలో! ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజంతటికీ 400 మిల్లీగ్రాములు, ఒక్కసారికి 200 దాటకూడదు. 1200 మిల్లీగ్రాములు త్వరత్వరగా లోపలికి వెళితే ఫిట్స్ రావచ్చు. 10 గ్రాములు ప్రాణం తీయగలవు. మీ పొట్లంలో అలాంటివి పది ఉన్నాయి.

సీసా ఉపాయం ఇంకా ప్రమాదం. మరిగే నీళ్లలో కెఫీన్ బాగా కరుగుతుంది. చల్లారాక 100 మిల్లీలీటర్లలో 2 గ్రాములకు మించి నిలవదు, మిగిలినది స్ఫటికాలుగా అడుగుకు చేరుతుంది. పైన తేటగా కనిపించే 50 మిల్లీలీటర్లలోనే గ్రాము ఉంటుంది. ఇక అడుగున మిగిలిన గుక్కలో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు?

కెఫీన్ మీద నాకు పగ లేదు. తలనొప్పి మాత్రల్లో పారాసిటమాల్‌తో కలిపి నేనే అమ్ముతాను. నెలలు నిండకుండా పుట్టి, మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోయే పసికందులకు కెఫీన్ సిట్రేట్ ఇస్తారు. అదీ కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగట్టి, సిరంజితో కొలిచి. మీరేమో చెంచా తీస్తున్నారు.

జవాబు: మద్దిలపాలెం కెమిస్ట్రీ మాస్టారు

పై పెద్దాయన మాటకు ఒక సాక్ష్యం. 2015లో ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం కోసం ఇద్దరు విద్యార్థులకు 0.3 గ్రాములు ఇవ్వబోయి 30 గ్రాములు ఇచ్చారు. అంతకుముందు మాత్రలు వాడేవారు, పొడికి మారినప్పుడు దశాంశ బిందువు తప్పింది. డయాలసిస్ చేసి బతికించారు. కోర్టు నాలుగు లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ప్రయోగశాలలోనే ఇలా జరిగితే వంటింటి గట్టు మీద చెప్పాలా?

1819లో రుంగే అనే జర్మన్ యువకుడు కాఫీ గింజల నుంచి దీన్ని మొదటిసారి విడదీశాడు. ఆ గింజలు ఇచ్చింది మహాకవి గోథే! గింజలో ఉన్నంతకాలం ఈ పదార్థంతో పెద్ద ఇబ్బంది లేదు. అరకు అరబికాలో కెఫీన్ ఒక శాతం చిల్లరే. 28 కప్పులు తాగాలంటే కడుపే ఒప్పుకోదు.

షిఫ్టు మొదట్లో ఒక కాఫీ తాగండి, తెల్లవారుజామున మానేయండి. తాగినదానిలో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పగటి నిద్ర చెడితే చదివింది తలకెక్కదు.

గాజువాక నైట్ షిఫ్ట్

అర్థమైంది, వాడను. పొట్లం ఆయనకే తిరిగి ఇచ్చేయనా?

మహారాణిపేట మందుల షాపు

ఇవ్వవద్దు, ఇంకొకరి చేతికి చేరుతుంది. వాడేసిన తేయాకు పిప్పిలో కలిపి, కవరులో బిగించి చెత్తలో వేయండి. పంచదారలా ఉంటుంది కనుక అంతవరకు వంటింట్లో మాత్రం పెట్టకండి. మీ మిత్రుడు ఇప్పటికే వాడుతుంటే ఒక మాట చెప్పండి: గుండె దడ, ఆగని వాంతులు, వణుకు మొదలైతే 108కి ఫోను చేయాలి, ఆసుపత్రికి పొట్లం కూడా పట్టుకెళ్లాలి.