పత్తి అంటే దండా, కాలిబంటా?

(పద్యాల ముచ్చట; మాట్లాడేటోళ్లను ఊరి పేర్లతోనే పిలిచినం.)

హన్మకొండ: భారతం ఆదిపర్వంల నన్నయ సీసపద్యం పొద్దున్నుంచి నోట్ల ఆడుతున్నది. “వర రథ మొక్కండు వారణ మొక్కండు...” ఆ తర్వాత మూడు గుర్రాలు, అయిదుగురు కాల్వురు. అంతా కలిస్తే పత్తి. మరి వేరేచోట్ల పత్తి అంటే ఒక్క కాలిబంటే గద? యుద్ధపర్వాల్ల ఈ మాట తగిలితే ఏ అర్థం తీసుకోవాలె?

పరకాల: సంస్కృత నిఘంటువు అమరకోశంల రెండర్థాలూ ఉన్నయి, అదీ క్షత్రియవర్గం అనే ఒక్క భాగంలనే. “పదాతి పత్తి పదగ” అని బంటు పేర్లల్ల ఒకసారి, “పత్తిః పంచపదాతికా” అని సేన లెక్కల ఇంకోసారి. నా ఊహ చెప్త. పత్తిల పది అంగాలుంటే అందుల అయిదు కాల్బలమే. బంటు పేరే దండుకు ఎక్కింది.

జనగామ: ఊహ బాగున్నది సార్. కానీ అసలు తప్పు చివర చేస్తరు. పత్తి మీద సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని దాకా ఒక్కోటి ముందుదానికి మూడింతలు. అనీకినికి 2,187 రథాలు. అక్షౌహిణికి మాత్రం పదింతలు: 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. అక్కడా మూడింతలే చేస్తే 6,561 రథాల కాడ ఆగుతది.

వరంగల్: మా ఎనుమాముల మార్కెట్ల ఈ మాటంటే బస్తాలే గుర్తుకొస్తయి. ఆ పత్తికీ దీనికీ చుట్టరికం ఉన్నదా?

పరకాల: లేదు తమ్మీ. అది ప్రత్తి, తమిళుల పరుత్తి. ఇది సంస్కృతం.

జనగామ: సేన మాటలంటే మా బమ్మెర పోతన్న దగ్గరికి రావాలె. గజేంద్రమోక్షంల విష్ణువు ఏనుగును కాపాడ ఉరికేటప్పుడు “పరివారంబును జీరడు” (పిలవడు) అన్నచోట పరివారం అంటే ఉత్త పనివాళ్లు కాదు, వెంట నడిచే బలగం. వెంటనే “అభ్రగపతిం (గరుత్మంతుణ్ణి) బన్నింపడు” అన్నడు చూడండి. పన్నడమంటే ఏనుగునో గుర్రాన్నో యుద్ధానికి తయారుచేసుడు.

కరీంనగర్: మేం “మన్నింపడు” అని నేర్చుకున్నం. గరుత్మంతుణ్ణి పట్టించుకోలేదని అర్థం.

జనగామ: అట్లయితే యతి ఏది అక్కా? యతంటే పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరం జోడు కుదరాలె. ఈ పద్యం మత్తేభం, అందుల అది పద్నాలుగో అక్షరం. పాదం మొదట్ల ‘ప’, అక్కడ ‘బ’, కుదిరింది. ‘మ’ పెడితే విరిగిపోతది. పోతన్న యతి తప్పుతడా!

కరీంనగర్: యతికి నేనేమీ అడ్డం చెప్ప. కానీ సిరికి చెప్పలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుడుణ్ణి మన్నించలేదు అంటుంటే ఆ తొందర ఎంత బాగ వినబడ్తది! జీను కట్టుడు ముచ్చట అక్కడ బరువు.

పరకాల: బరువెందుకైతది? పన్నించేంత ఆలస్యం గూడ ఓర్వలేదనే గద పద్యం ప్రాణం.

హన్మకొండ: పరకాల సార్, కర్ణపర్వంల, శల్యపర్వంల పత్తి ఎక్కడన్న కనబడితే పద్యం పెట్టండి. బంటో దండో అక్కడనే తేలాలె.

జనగామ: తప్పకుండ. ముందు ఆ ‘బ’ సంగతి తేలనీయండి.